అమ్మమ్మ స్టూలు, గోడవార సంచులు

ఆ ఆసుపత్రిలో అమ్మమ్మ ఉద్యోగం నేల తుడవడం. చేసేది మాత్రం రాజ్యపాలన. జీతం మొదటిదానికే ఇచ్చేవారు. రెండోది ఆవిడ ప్రజలకు ఉచితంగా చేసిపెట్టేది.

అంతా తడిగుడ్డ దగ్గర మొదలైంది. డాక్టరుగారి గది ముందు పొడుగాటి వరండా ఉంది. పొద్దున్నే రోగులొచ్చి గోడవార వరుసగా కూర్చునేవాళ్లు. నేల తుడవాలంటే వాళ్లను లేపాలి. లేపితే వరుస చెదురుతుంది. చెదిరితే దగ్గులూ నొప్పులూ మరిచిపోయి జుట్లు పట్టుకుంటారు. అందుకని అమ్మమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. "మీరు కాసేపు బయట నిలబడండి. మీ బదులు ఏదైనా వస్తువు ఇక్కడ పెట్టి వెళ్లండి" అంది. ఒకరు సంచి పెట్టారు, ఒకరు నీళ్ల సీసా, చేతిలో ఏమీ లేనివాళ్లు ఒంటి చెప్పు. అమ్మమ్మ వాటిని ఒక్కొక్కటే ఎత్తి, కింద తుడిచి, ఎక్కడిదక్కడే పెట్టింది.

బయట గాలికి నిలబడి కబుర్లు చెప్పుకోవడం జనానికి బాగానే నచ్చింది. నేల ఆరిపోయాక కూడా ఎవరూ లోపలికి రాలేదు. దాంతో రోగాలు బయటా, రోగుల సంచులు లోపలా ఉండిపోయాయి. మరి ఆ సంచులకు కాపలా ఎవరు? అమ్మమ్మే. ఏది ముందో ఏది వెనకో తేల్చేదెవరు? అమ్మమ్మే. కొన్నాళ్లకు డాక్టరుగారి తలుపు పక్కన ఆవిడకో చెక్క స్టూలు వెలిసింది. దాన్ని ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. తీసే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఒక్క కాంపౌండరుకు తప్ప. ఆ స్టూలు అతని కంట్లో నలుసు.

"అమ్మమ్మగారూ, ఈ వరుసలో ఒక్క గొడవ జరగనివ్వండి. మర్నాడే టోకెన్ల మిషను తెప్పిస్తాను. ఈ స్టూలు సామాన్ల గదిలోకి పోతుంది."

"మిషను నేల కూడా తుడుస్తుందా బాబూ?" అని అమ్మమ్మ నవ్వేసింది. కానీ ఆ రోజునుంచి సంచులు సర్దేటప్పుడు ఆవిడ చేతులు రెండింతలు జాగ్రత్తపడ్డాయి. స్టూలు మీద కూర్చున్న మనిషిని జనం సలహా అడుగుతారు. తడిగుడ్డ పట్టుకున్న మనిషిని చూసి కాళ్లు మాత్రం పైకెత్తుతారు. ఆ తేడా ఆవిడకు తెలుసు.

ఇక పెద్ద మనవరాలి సంగతి. అది కాలేజీలో సమాజశాస్త్రం చదువుతోంది. అన్నం దగ్గర కూర్చున్నా పాఠమే.

"అమ్మమ్మా, మనిషికి హోదా రెండు రకాలుగా వస్తుంది. కొన్ని పుట్టుకతో వస్తాయి, కొన్ని కష్టపడి సంపాదించుకుంటాం. నువ్వు నాకు అమ్మమ్మవి కావడంలో నీ కష్టమేం లేదు. ఆ స్టూలు మాత్రం నీ సంపాదన."

"మీ అమ్మను కనడానికి నా ప్రాణం పోయొచ్చిందే! అందులో కష్టం లేదా? ఆ పుస్తకం రాసినవాడెవడో మగాడై ఉంటాడు."

మనవరాలు ఎంగిలి చేత్తోనే పుస్తకం లాక్కుని అట్ట మీద పేరు చూసింది. మగాడే.

ఇలా ఉండగా కాలేజీలో ఒక పని ఇచ్చారు. ఏదైనా చిన్న కట్టుబాటును కావాలని తప్పాలి. చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తారో గమనించాలి. ముందుగా ఎవరికీ చెప్పకూడదు. కట్టుబాట్ల కోసం మనవరాలు ఊరంతా వెతకలేదు. తన ఎర్ర సంచి భుజాన వేసుకుని సరాసరి ఆసుపత్రికి వచ్చింది. సంచిని అన్నిటికన్నా వెనక పెట్టింది. అమ్మమ్మ బకెట్టులో నీళ్లు మార్చుకు రావడానికి వెళ్లగానే, దాన్ని తీసుకెళ్లి గొడుగుకన్నా ముందు పెట్టింది. గొడుగు ఒక పెద్దాయనది. చీకటి విడకముందే వచ్చి మొదటి చోటు పట్టుకోవడం ఆయనకో గర్వం.

జనం చూశారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. చంకలో బిడ్డతో నిలబడ్డ ఆవిడ "కొందరికి కళ్లు నెత్తికెక్కుతాయి" అని బిడ్డతో చెప్పింది. మనవరాలితో నేరుగా ఎవరూ ఒక్క మాట అనలేదు. అది ఎవరి మనవరాలో అందరికీ తెలుసు కదా. మనవరాలు మాత్రం లోలోపల మురిసిపోతోంది. గొంతు సవరింపులూ దెప్పిపొడుపులూ అన్నీ పాఠంలో ఉన్నట్టే జరుగుతున్నాయి.

అమ్మమ్మ బకెట్టుతో తిరిగొచ్చింది. గొడుగు పెద్దాయన గట్టిగా అడిగాడు.

"అమ్మమ్మా, ఈ ఎర్ర సంచి ముందుకెలా వచ్చింది?"

ఆ మాటకు మందుల గదిలోంచి కాంపౌండరు తల బయటికొచ్చింది.

అమ్మమ్మ సంచిని చూసింది, మనవరాలిని చూసింది. వరుస కాచే మనిషయితే ఆ పిల్ల చెవి మెలెయ్యాలి. అమ్మమ్మ అయితే కొంగు కప్పి దాచుకోవాలి. గూడు చెదిరిన పక్షిలా కాసేపు అటూ ఇటూ చూసి, కొంగే కప్పింది.

"తుడిచేటప్పుడు నా చెయ్యే తప్పిందేమో అన్నయ్యా."

ఆ ముక్క అననే కూడదు. వరండా మొత్తం భగ్గుమంది.

"అంటే నీ చెయ్యి కూడా తప్పుతుందా? మొన్న నా సంచి వెనక్కి పోయిందీ అందుకేనా?" అంది బిడ్డ తల్లి.

"నా చెప్పు కూడా పోయింది!" అన్నాడొకాయన. అది పోయింది వేరేచోట. అయినా ఆ వేడిలో లెక్కలోకొచ్చేసింది.

కాంపౌండరు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. "అందుకే మిషను ఉండాలనేది" అన్నాడు.

మనవరాలు గబగబా వచ్చి అమ్మమ్మ పక్కన నిలబడింది. ఇది పాఠంలో లేదు. "అమ్మమ్మ తప్పేం లేదు. సంచి నేనే జరిపాను. కాలేజీలో ప్రయోగం చెయ్యమన్నారు" అనేసింది.

"ప్రయోగమా? మా మీదా? మేమేమన్నా ఎలుకలమా?" అన్నాడు పెద్దాయన.

అమ్మమ్మ నడుం నిటారు చేసింది. "వరుస తప్పింది ఇది. అబద్ధమాడింది నేను. ఇద్దరం ఆఖరికే పోవాలి" అంది. ఎర్ర సంచిని తీసుకెళ్లి అన్నిటికన్నా వెనక పడేసింది. తిరిగొచ్చి స్టూలు చంకన పెట్టుకుని, ఆ సంచి కూడా దాటి వరండా ఆ చివర, వీధి గుమ్మం దగ్గర వేసుకుంది. కూర్చుని ముఖం గోడకు తిప్పుకుంది.

పెద్దాయన గొణుక్కుంటూ కాసేపు గొడుగు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని వరండా పొడుగునా నడిచి, స్టూలు పక్కన పెట్టాడు.

"అదేంటి?" అంది అమ్మమ్మ.

"వరుస నీ దగ్గర్నుంచేగా మొదలయ్యేది!" అన్నాడాయన విసుగ్గా.

ఆయన వెనకే బిడ్డ తల్లి సంచి, దాని వెనక సీసా, దాని వెనక ఒంటి చెప్పు కదిలాయి. ఎర్ర సంచిని ఎవరో కాలితో ముందుకు నెడుతూ పోయారు. అది జరిగి జరిగి చివరికి డాక్టరుగారి తలుపు ముందు ఆగింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. డాక్టరుగారికి ఎదురుగా ఒక్క సంచీ, పక్కన ఒక్క పిల్లా కనిపించారు.

"రామ్మా, మొదట నువ్వేనా?"

"అది ఆఖరు!" అని వరండా అంతా ఒక్క గొంతుతో అరిచింది.

కాంపౌండరు ఒక్కొక్కరినీ పిలవడానికి వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. "మీరంతా ఇటు రండి" అని బతిమాలాడు. "స్టూలు అటొస్తే వస్తాం" అన్నారు. కాసేపటికే అతనికి ఆయాసమొచ్చింది. స్టూలు దగ్గరికొచ్చి, "లే అమ్మమ్మా" అన్నాడు. 'గారు' ఎగిరిపోయింది. స్టూలును తనే మోసుకెళ్లి డాక్టరుగారి తలుపు పక్కన వేశాడు. గొడుగూ సంచులూ చెప్పులూ దాని వెనకే తిరిగొచ్చాయి. అమ్మమ్మ మాత్రం వెంటనే కూర్చోలేదు. ఇంత తొక్కుడయ్యాక నేల ఎలా ఉంటుంది మరి? బకెట్టు తెచ్చుకుంది.

మనవరాలి వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకలితో ముఖం పీక్కుపోయింది. నిజంగానే రోగిలా ఉంది.

"ఏమైందమ్మా?" అన్నారు డాక్టరుగారు.

గుమ్మం తుడుస్తున్న అమ్మమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"దానికి చదువు ముదిరిందండీ. కాస్త తగ్గడానికి ఏమైనా రాసివ్వండి. పూర్తిగా తగ్గనివ్వకండి, దాని పరీక్షలు దగ్గరకొచ్చాయి."