ఓవెన్‌తో ఫ్రీగా ఇచ్చిన కవరు

2022లో తాడేపల్లిగూడెం బజార్లో, ఓవెన్ కొన్నవాళ్లకి కవరు ఫ్రీగా ఇవ్వాలన్న గొప్ప ఆలోచన నాదే. అంత తెలివి ఇంకే కొట్టువాడికీ రాలేదు. రాకపోవడమే ఊరికి మంచిదైంది.

మాది గృహోపకరణాల దుకాణం. ఇంట్లో కేకులు చేసి అమ్మే ఆడవాళ్లు పెరగడంతో ఓటీజీలు బాగా పోయేవి. ఓటీజీ అంటే పైనా కిందా కరెంటు రాడ్లు ఎర్రగా కాలి వేడినిచ్చే పెట్టె. ఎవరైనా రెండొందలు తగ్గించమంటే, నలభై రూపాయల లేసు అంచు ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టేవాణ్ణి. ఫ్రిజ్ మీదా టీవీ మీదా ఏదో ఒకటి కప్పందే తోచని ఊరు మాది. బేరం అక్కడితో తెగేది.

ఉంగుటూరు నుంచి వచ్చిన షమీమ్ గారికీ అలాగే అమ్మాను. "టైమర్ ఉందండీ. కేకు లోపల పెట్టేసి మీ పని మీరు చూసుకోండి" అని కూడా అన్నాను.

కొన్నాళ్లకే ఆవిడ ఆటోలో ఓవెన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. కవరు కరిగి పైరేకుకి అంటుకుపోయి, లేసు ఒక మూల వేలాడుతోంది. తలుపుకి అడ్డం రాకుండా కవరు పైకి మడిచి, కేకు పెట్టి, అట్టపెట్టెల కోసం వీధి చివరికి వెళ్లారట. టైమర్ ఆగేలోపే పొగ లేచింది. పక్కింటాయన చూసి మెయిన్ ఆపారట.

"టైమర్ కేకుని చూసుకుంటుందండీ, కవర్ని కాదు" అన్నాను, నా సరుకుని వెనకేసుకొస్తూ.

"పక్కగదిలో మా అత్తగారున్నారండీ. మంచం దిగలేని మనిషి. ఆవిణ్ణి ఎవరు చూసుకుంటారనుకున్నారు?"

ఆవిడ గొంతు పెంచలేదు. కొత్త ఓవెన్ తీసి ఆటోలో పెట్టించాను.

మర్నాటి నుంచి కవరు ఇచ్చిన ఇళ్లన్నీ తిరిగాను. కొల్లేటి పక్క, చేపల చెరువుల వాళ్లింట్లో ఒక పెద్దావిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టారు.

"ఫ్రీ అని ఇచ్చి, ఇప్పుడు పట్టుకుపోతానంటారేంటి బాబూ? బదులేమిస్తారు?"

"స్టీలు పళ్లెం ఇస్తానండీ, పిన్నిగారూ."

"రెండివ్వండి. కవరు పెద్దది."

రెండిచ్చాను. బేరంలో ఓడి సంతోషంగా మెట్లు దిగింది ఆ ఒక్క ఇంట్లోనే.

ఏ ఇంట్లోనూ ఒక్క కవరూ మిగలనివ్వలేదు. ఇది గర్వంగానే చెప్పుకుంటాను. ఇప్పుడు డబ్బు తీసుకోకముందే చెబుతాను: ఓవెన్ పైన ఏమీ కప్పకండి, చుట్టూ జానెడు ఖాళీ ఉంచండి, అది పనిచేస్తున్నంతసేపూ వంటింటి దగ్గర మనిషి ఉండాలి. "అంత కాపలా అయితే ఎందుకండీ" అని వెళ్లిపోయేవాళ్లున్నారు. వెళ్లనిస్తాను.

ఇక బిల్లు. షమీమ్ గారి కొత్త ఓవెన్ నాలుగు వేల ఆరొందలు, స్టీలు పళ్లాలు రెండు వేల ఏడొందలు, కవర్లు పద్దెనిమిది వందలు, పెట్రోలు ఎనిమిదొందల యాభై. వెరసి తొమ్మిది వేల తొమ్మిదొందల యాభై. నలుగురిలో చెప్పేటప్పుడు పన్నెండు వేలంటుంటాను. అది ఓవెన్‌ని అమ్మే ధరకి వేసిన లెక్క. నాకు పడింది కొన్న ధరే.