పేరు ఇస్తేనే పుస్తకం

నా చిన్నప్పుడు మా వీధిలోకి ఎవరైనా కొత్త మనిషి కాగితం, పెన్ను పట్టుకుని వస్తే చాలు, ఒక్కొక్క తలుపే మూసుకునేది. సోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు పక్కన నీలం నగర్‌లో మా ఇల్లు. నాన్న కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో నేసేవాడు. అమ్మ, నాయనమ్మ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళు. మా పెద్దవాళ్ళు తెలంగాణ నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా ఇంట్లో మాట తెలుగే, నేను చదివే బడి మాత్రం మరాఠీ.

అనుమానం మా నాయనమ్మ సొత్తు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ పూట నీళ్ళు ఎక్కువ కలిపాడనేది. దవాఖానాలో మందు ఊరికే ఇస్తే అది పాతబడ్డ మందనేది. చిక్కేమిటంటే, ఆమె అనుమానాల్లో సగం నిజమయ్యేవి. అన్నిటికంటే ఆమెకు గిట్టనిది పేర్లు రాయించుకోవడం. తాతయ్య పనిచేసిన మిల్లులో ఒకసారి ఎవరో వచ్చి అందరి పేర్లూ రాసుకున్నారట. కొత్త మగ్గాలు ఇస్తారనుకుని వీళ్ళు వరసలో నిలబడి మరీ రాయించుకున్నారట. ఆ కాగితంలో పేరున్న వాళ్ళకే తరువాత పని పోయింది. అప్పటినుంచి ఎవరు పేరడిగినా ఆమెకు చెడ్డ కోపం వచ్చేది.

మా ఇంట్లో దాచుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉండేది. అమ్మ పేరు మీద బీడీ కార్ఖానా కార్డు ఉంది. ఆ కార్డు చూపిస్తేనే తునికాకు, పొగాకు ఇచ్చేవాళ్ళు. కార్డు ఒకరిదే గాని పనిచేసే చేతులు ముగ్గురివి. బడి నుంచి రాగానే నేను చాట ముందు కూర్చుని, వాళ్ళు చుట్టిన బీడీల మూతులు గోటితో లోపలికి మడిచేదాన్ని. మా వీధి ఆడపిల్లలందరిదీ అదే పని. పిల్లలతో చేయిస్తున్నారని తెలిస్తే కార్డు లాక్కుంటారని పెద్దవాళ్ళ భయం. నాన్న మగ్గం ఆగిన వారాల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కార్డు మీదే. అందుకని కొత్తవాళ్ళు కనబడితే చాట మంచం కిందికి, నేను వీధిలోకి. నాకప్పుడు ఆ పరుగు ఒక ఆటలాగా ఉండేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పొద్దున కాలేజీలో చదివే ఒక అక్క భుజాన బరువైన సంచితో మా వీధికి వచ్చింది. అశోక్ చౌక్ వైపు తెలుగువాళ్ళ పిల్లే. ఆమె, ఇంకొందరు కాలేజీ పిల్లలు కలిసి పిల్లల పుస్తకాలు పోగుచేసి ఆదివారం ఒక్కొక్కరు ఒక్కొక్క వీధికి వెళ్ళేవాళ్ళట. జీతం లేదు, ఎవరూ పంపలేదు, వాళ్ళకు వాళ్ళే మొదలుపెట్టారట. ఈ మాట విన్నాకనే నాయనమ్మకు అనుమానం గట్టిపడింది.

"జీతం లేకుండ ఎండల ఎవరు తిరుగుతరే? సర్కారు మనిషే అయి ఉంటది. ఊకెనే కితాబులు ఇచ్చుడేంది? జర దూరం కూసో," అంది.

దూరంగానే కూర్చున్నాను. వీధి కుళాయి గట్టు మీద ఆ అక్క పుస్తకం తెరిచింది. బొమ్మల పుస్తకం, మరాఠీలో ఉంది. చదివి, చిన్నపిల్లల కోసం మన తెలుగులో మళ్ళీ చెప్పింది. ఒక మేక మగ్గం మీద సగం నేసిన చీర కొంగు నమిలేసి, నోట్లో నూలు పోగుతోనే పరుగెత్తింది. నేతగాడు ఆ పోగును కండెకు చుట్టుకుంటూ దాని వెంట బయలుదేరాడు. బడి పుస్తకాల్లో రాజులు, నదులు ఉండేవి గాని మగ్గం ఎప్పుడూ లేదు. నేను తెలియకుండానే జరిగి జరిగి ముందు వరసలోకి చేరాను. సరిగ్గా మేక ఒక గుడిసెలో దూరిన చోట ఆమె పుస్తకం మూసేసింది. మిగతాది ఎవరికి కావాలంటే వాళ్ళు ఇంటికి తీసుకుపోయి చదువుకోవచ్చంది.

నేను చెయ్యి చాపాను. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "పేరు చెప్పు. పేరిస్తెనే పుస్తకం. ఏ పుస్తకం ఎవలింట్ల ఉన్నదో నాకు తెల్వాలె గదా," అంది.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాయనమ్మ అన్నది నిజమేననిపించింది. ముందు కథ, తరువాత పుస్తకం, చివరికి పేరు. మిల్లులో కూడా ముందు కొత్త మగ్గాల సంగతే చెప్పారు కదా. కానీ ఆ మేక ఏమైందో తెలుసుకోకుండా ఉండడం కూడా నా వల్ల కాలేదు. ఇంటికి వెళ్ళి చాట ముందు కూర్చుని, బీడీల మూతులు మడుస్తూ ఏడ్చాను. అమ్మ తన పని ఆపలేదు. నాయనమ్మ మాత్రం నా ఏడుపు కాసేపు విని, ఎందుకో అడిగి, లేచి బుట్టలోంచి ఒక జాంపండు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జాంపండును మరాఠీలో పేరు అంటారు. బండి మీద అమ్మేవాళ్ళ కేక అదే. మా పిల్లల నోట్లో కూడా అదే మాట. మా ఊళ్ళో పేరు అంటే పేరూ అవుతుంది, పండూ అవుతుంది.

"పేరు గావాలన్నది గదా. గిదే పేరు. తీస్కపోయి చేతుల పెట్టు," అంది నాయనమ్మ. "ఏమంటదో చూసి రా. సర్కారు మనిషైతే కోపమొస్తది."

అది నా మీద జాలి ఎంతో, ఆ అక్కకు పెట్టిన పరీక్ష ఎంతో ఇప్పటికీ చెప్పలేను. సంచి సర్దుకుంటున్న అక్క దగ్గరికి వెళ్ళి, ఇదిగో పేరు అని పండు ఇచ్చాను. ఆమెకు కోపం రాలేదు, నవ్వు కూడా రాలేదు. పండును చూసింది, మా తలుపు వైపు చూసింది. తలుపు సందులోంచి నాయనమ్మ కన్ను నాకు కనబడుతూనే ఉంది, ఆమెకూ కనబడే ఉంటుంది. నోటుబుక్కు తెరిచి మేక పుస్తకం పేరు రాసి, పక్కన ఒక జాంపండు బొమ్మ గీసింది. తొడిమ, రెండు ఆకులు కూడా వేసింది.

"పేరు ముట్టింది," అని పుస్తకం నా చేతిలో పెట్టింది. పండును అక్కడున్న పిల్లలకు ముక్కలు చేసి పంచింది, తనకు ఉంచుకోలేదు.

అంతటితో నాయనమ్మ నమ్మిందనుకుంటే పొరపాటు. మరుసటి ఆదివారం తనే చెంగు బిగించుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. నోటుబుక్కు చూపించమంది. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, జాంపండు బొమ్మ కనబడగానే దాని మీద వేలు పెట్టింది.

"గిది మా పోరి గదా?"

అవునంది అక్క. "మరి పక్కన గీకిందేంది?" అంది నాయనమ్మ.

పుస్తకం పేరని చెప్పింది. నాయనమ్మ ఆ మాట నమ్మక నన్ను పక్కకు పిలిచి విడిగా చదివించింది. నేనూ మేక పుస్తకం పేరే చదివాను. ఇద్దరి మాటా కలిసింది. అయినా, చూద్దాం అన్నట్టు తలూపి వెళ్ళిపోయింది. కానీ ఆ సాయంత్రం నీళ్ళు పట్టుకునేటప్పుడు ఆడవాళ్ళతో ఏం చెప్పిందో, తరువాతి వారం నుంచి పిల్లలందరూ పేరుకు బదులు బొమ్మలే ఇచ్చారు. ఒకరిది కండె, ఒకరిది గాలిపటం, ఒకరిది అగ్గిపెట్టె. ఒక పిల్ల బొమ్మ మొదట పిల్లిలాగా వచ్చింది, అది కుక్క అని ఆ పిల్ల పట్టుబట్టి మళ్ళీ గీయించుకుంది.

రెండు మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం అక్క చదువుతుండగా వీధి మొదట్లో జీపు ఆగింది. ఇద్దరు ఆఫీసర్లు దిగారు. ఇళ్ళల్లో చాటలు మంచాల కిందికి జరిగిన చప్పుడు మాకు వినబడింది. వాళ్ళకు ఏ ఇంట్లోనూ ఏమీ దొరకలేదు. చివరికి కుళాయి గట్టు దగ్గరికి వచ్చి, ఈ పిల్లల్లో ఎవరెవరు బీడీలు చేస్తారని అక్కను మరాఠీలో అడిగారు. ఆమె ఏమీ చెప్పకపోయేసరికి పెద్దాయన కన్ను నోటుబుక్కు మీద పడింది. దాన్ని అడిగి తీసుకున్నాడు.

నాయనమ్మ గడపలో నిలబడి ఉంది. ఆ ముఖంలో నాకు కనబడింది భయం కూడా కాదు. నేను చెప్పలేదా, ఇందుకే వచ్చిందని చెప్పలేదా అన్న కసి. నా సంగతి చెప్పాలంటే, ఆ క్షణంలో నేను కూడా అక్కను నమ్మలేదు. ఇంటిదగ్గర వేరే నోటుబుక్కులో మా అసలు పేర్లు రాసుకుని ఉంటుందని, అది కూడా ఇప్పుడే సంచిలోంచి బయటికి తీస్తుందని అనుకున్నాను. వారం వారం ఆమె చదివిన కథలు వింటూనే ఆమె గురించి అట్లా అనుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన పేజీలు తిప్పాడు. కండె, గాలిపటం, అగ్గిపెట్టె. జాంపండు మీద వేలు పెట్టి ఇదెవరు అని అడిగాడు.

"పేరు," అంది అక్క.

ఆయనకు జాంపండని వినిపించింది. మాకు పేరని వినిపించింది. వెనక నిలబడ్డ అమ్మలు నవ్వు బయటపడకుండా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయన ఆమెను కాసేపు అనుమానంగా చూసి, నోటుబుక్కు గట్టు మీద పడేసి జీపెక్కాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనది తప్పని అనలేను. నావంటి పిల్లల కోసమే ఆయన వచ్చాడు. కాకపోతే ఆయనకు నా పేరు దొరికితే మా ఇంట్లో పొయ్యి ఆరిపోయేది.

ఆ సాయంత్రం అక్క మొదటిసారి మా గడప దాటి లోపలికి వచ్చింది. అమ్మ చాయ్ పెట్టింది. ఆమె తాగకుండా నా చెయ్యి పట్టుకుని నాయనమ్మ ముందుకు చాపింది. నా బొటనవేలి గోరు నడిమికి చీలిపోయి ఉండేది, వేళ్ళు పొగాకుతో పసుపుపచ్చగా ఉండేవి. ఆ రోజుల్లో నాకు దగ్గు కూడా వదిలేది కాదు.

"నాయినమ్మా, ఈమె పేరు నేను ఎవలకు చెప్పలే. చెప్పను గూడ," అంది. "కని ఇదంత చూసుకుంట ఊకున్నందుకు నాకు నిద్ర పడ్తలేదు. బడి నుంచి వచ్చినంక ఈమెను చాట ముందు కూసోవెట్టకుండ్రి. గంతే నేనడిగేది."

నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది.

"చూసినవా? నేనన్న గదా, ఊకెనే చెయ్యలేదని. అడిగేది అడగనే అడిగింది," అంది.

ఆ గొంతులో తను గెలిచానన్న తృప్తి ఉంది. అక్క ముఖం చిన్నబోయింది. ఇక ఈమె మళ్ళీ మా ఇంటికి రాదని, నాకు పుస్తకాలు కూడా ఉండవని నాకు దుఃఖం వచ్చింది. అప్పుడు నాయనమ్మ వంగి నా ముందున్న చాటను లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు అప్పటికే కళ్ళు మసక. బీడీ మూతి ఎక్కడుందో వేలితో తడుముకుని మడవడం మొదలుపెట్టింది.

"చాయ్ తాగు, సల్లారుతది," అంది అక్కతో, తలెత్తకుండానే.

ఆ రోజు నుంచి నా వంతు పని నాయనమ్మే చేసింది. ఆమె మడిచిన మూతులు విడిపోయేవి. కార్ఖానాలో బీడీలు సరిచూసే మనిషి వాటిని పక్కకు తీసేసేవాడు, అమ్మ ఇంటికి తెచ్చి విప్పి మళ్ళీ చుట్టేది. ఇద్దరిలో ఒక్కరూ నాతో ఒక్క మాట అనలేదు. నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. నాయనమ్మ ఆ కథలను కూడా నమ్మేది కాదు. మేక అంత దూరం పరుగెత్తితే పోగు ఎట్లా తెగలేదని అడిగేది. రాసినవాడికి మగ్గం తెలియదని తేల్చేసేది. నేను ఆగితే మాత్రం, తరువాత ఏమైందని మోచేత్తో పొడిచేది.

నాకిప్పుడు ఆమె వయసు వచ్చింది, ఆమె అనుమానం కూడా వచ్చింది. ఇప్పటికీ మా వీధికి ఆదివారాలు కుర్రపిల్లలు పుస్తకాల సంచులతో వస్తుంటారు. పేర్లు రాసుకోవడమే కాదు, పుస్తకం పట్టుకున్న పిల్లలకు ఫోనుతో ఫొటోలు కూడా తీస్తారు. ఆ ఫొటో ఎవరికి, ఎందుకు, మీకేం కావాలి అని నేను గడపలోనే నిలబెట్టి అడుగుతాను. కొందరికి కోపం వచ్చి వెళ్ళిపోతారు, పోనీ అనుకుంటాను. ఊరికే ఇచ్చేవాళ్ళు ఉండరన్న నాయనమ్మ మాట నేనింకా నమ్ముతాను. కానీ అడిగేది కూడా ఎదుటి పిల్ల కోసమే అడిగే మనిషి ఒకరు ఎప్పుడో వస్తారని ఆ సాయంత్రం చూశాను. ఆ మనిషి అడిగింది ఇవ్వాలంటే ఇంట్లో ఇంకెవరో ఆ పిల్ల పనిని తమ ఒళ్ళోకి లాక్కోవలసి ఉంటుందనీ చూశాను. అందుకే నా ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పిన వాళ్ళను లోపలికి పిలిచి, మా మనవరాలిని పని మీంచి లేపి, ఆ పని నేనందుకుని, దాన్ని వాళ్ళ పక్కన కూర్చోబెడతాను.