అవ్వకు పోసిన ఒడిబియ్యం

పోయిన నెలలో డోంబివలీలో మా మనవరాలి తొట్టెల పండుగ జరిగింది. మా కోడలు మరాఠీ పిల్ల కావడంతో వేడుక అంతా వాళ్ల పద్ధతిలోనే, ఆమె పుట్టింట్లోనే చేశారు. భోజనాలయ్యాక నేను బయలుదేరుతుంటే మా వియ్యపురాలు నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొంగు చాపమని, అందులో బియ్యం, కొబ్బరికాయ, రవికె గుడ్డ పెట్టి, నుదుట కుంకుమ దిద్దింది. వాళ్లలో ఇంటికి వచ్చిన ముత్తైదువ ఎవరైనా సరే, ఇలా ఓటీ నింపి పంపడం మర్యాద. మనలో అలా కాదు కదా, ఒడిబియ్యం పోయవలసింది పుట్టింటివాళ్లు, అదీ తమ ఆడబిడ్డకు, ఆమె అత్తగారింటికి బయలుదేరేటప్పుడు. ఈ తేడా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా లోకల్ రైల్లో ఆ మూట ఒళ్లో పెట్టుకుని, దీన్ని వేరుగా వండి నలుగురిని పిలవాలా, మామూలు బియ్యం డబ్బాలో కలిపేయాలా అని తేల్చుకోలేక, దిగవలసిన స్టేషను దాటి పోయాను. నన్ను ఇంతగా తికమక పెట్టింది ఆ బియ్యం కాదు, మా అవ్వ.

బొంబాయిలో కామాటిపురా పేరెత్తితే, సానికొంపలే గుర్తొచ్చి బయటివాళ్ల ముఖాలు ఎలా మారతాయో, ఆ గల్లీల్లో పెరిగిన మా తరం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మాకు మాత్రం అది పన్నెండో గల్లీలో మొదటి అంతస్తులో ఒక గది, గది ముందు బట్టలారేసుకునే వసారా, పొద్దున్నే నల్లా దగ్గర బిందెల కొట్లాట. మా తాత పాలమూరు పల్లె నుంచి కూలిగా వచ్చి, ముప్పై ఏళ్లు ఇటుకలు, సిమెంటు మోసి, మోకాళ్లు ఇక వంగమని మొరాయించాక ఊరికి తిరిగి వెళ్లిపోయాడు. అవ్వ మాత్రం తన చిన్న కూతురు, మా చిన్నత్త పెళ్లి చేసి వెనకనే వస్తానని మాటిచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆ వెనకనే అన్నది ఆరేళ్లయింది. ఊరి నుంచి నెలకొక కార్డు వచ్చేది. పోస్టుమాస్టరు చేత రాయించిన ఆ కార్డులో వానల సంగతి, గేదె సంగతి రాశాక, ఆఖరున మీ అమ్మ ఎప్పుడొస్తది అని ఒక్క ముక్క ఉండేది. నాయన అది పైకి చదివినప్పుడల్లా అవ్వ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లేది. మేముండే గదిని ఆమె ఏనాడూ ఇల్లు అనలేదు, ఖోలీ అనేది. ఇల్లంటే ఊళ్లో ఉన్నదే. నేను పుట్టింది మాత్రం ఈ ఖోలీలోనే కనుక, మరి నాకు ఇల్లు లేదా అన్న అనుమానం పదేళ్ల వయసులో నన్ను చాలా వేధించింది.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలంలో ఆ వెనకనే వస్తానన్న మాట తీరే రోజు వచ్చింది. వైశాఖం మొదటి ముహూర్తానికి చిన్నత్త పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఎక్కడివాడో కాదు, పద్నాలుగో గల్లీ వాడు. మా గది నుంచి వాళ్ల గదికి నడిస్తే అయిదు నిమిషాలు. అప్పగింతల ఏడుపులైనా సరిగ్గా పూర్తి కావని, పెళ్లికూతురిని టాక్సీ ఎక్కించి, ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా తిప్పి, ఫోరస్ రోడ్డు చుట్టి, ముప్పావు గంట తర్వాత అత్తగారింటి ముందు దించారు. మేము నడిచి వెళ్లి అప్పటికే అక్కడ కూర్చున్నాం. పెళ్లయిన తొమ్మిదో రోజున మా అమ్మ ప్రసవించింది, నాకు తమ్ముడు పుట్టాడు. ఇక అవ్వ హడావుడి చూడాలి. ఒక పొయ్యి మీద బాలింతకు కాయం మందు ఉడుకుతుంటే ఇంకో పొయ్యి మీద అల్లుడికి పోలెలు, అదే బొబ్బట్లు, కాలేవి. ఒకనాడు బాలింతకు పెట్టవలసిన కాయం కొత్త అల్లుడి పళ్లెంలో పెట్టేసింది, అతను కూడా ఇదేదో అత్తగారింటి ఆచారం కాబోలని మారు మాట్లాడకుండా తినేశాడు. చిన్నత్తేమో రోజూ పొద్దున్నే వచ్చి మాతోనే టీ తాగేది. ఆడపిల్ల రోజూ పుట్టింటికి వస్తే ఎట్లా అని అవ్వ మందలిస్తూనే ఆమెకు రెండు గ్లాసుల టీ పోసేది.

ఇరవై ఒకటో రోజున తమ్ముణ్ణి తొట్టెలలో వేశారు. ఆ మర్నాడే అవ్వ తన ఇనుప పెట్టె సర్దుకుంది. నాయన, నేను తోడు వెళ్లి ఆమెను దిగబెట్టి రావాలి. అవ్వ ఆనందంగా ఉందో దిగులుగా ఉందో నాకు అంతుపట్టలేదు. పెట్టె మూసేది, తెరిచేది, అందులోంచి ఏదో తీసి గూట్లో పెట్టేది, మళ్లీ దాన్నే పెట్టెలో వేసేది. కింద టాక్సీ నిలబడి ఉండగా మా అమ్మ పీట వేసి అవ్వను కూర్చోమంది. మా అమ్మ పుట్టి పెరిగింది బొంబాయిలోనే. ఇరుగుపొరుగు మరాఠీ ఆడవాళ్లు చేసేది చూసి నేర్చుకున్నది చాలా ఉండేది ఆమె దగ్గర. వెళ్లిపోతున్న అత్తగారికి అంతకంటే గౌరవం ఏముంటుందని అనుకుంది పాపం, కొంగు చాపించి అయిదు దోసిళ్ల బియ్యం పోసి, పసుపు కొమ్ములు, కొబ్బరికాయ పెట్టి, కాళ్లకు మొక్కింది. కోడలు అత్తకు ఒడిబియ్యం పోయడమన్నది మా కులంలోనే కాదు, ఏ కులంలోనూ ఎవరూ విని ఉండరు. అవ్వ నోరు తెరిచింది. పచ్చి బాలింత ముఖం చూసి మూసుకుంది. తర్వాత ఏం తోచిందో లేచి, పుట్టిల్లు విడిచే ఆడబిడ్డ చేసినట్టుగానే, అయిదు పిడికిళ్ల బియ్యం దేవుడి గూటి ముందు పోసి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగింది. కింద టాక్సీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

రాయచూరులో రైలు దిగి, బస్సెక్కి ఊరు చేరేసరికి తాత గోడలకు సున్నం వేయించి, కొత్త నులక అల్లించిన మంచం గుమ్మం ముందు వేసి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. పెట్టె అందుకుని లోపల పెట్టాడు. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. తాత తమ్ముడి భార్య, అంటే అవ్వకు తోడికోడలు, నీళ్ల చెంబు ఇస్తూ మామూలుగానే అడిగింది.

"ఎన్ని దినాలుంటవక్కా?"

ఉండిపోవడానికి వచ్చిన మనిషిని ఆ మాట అడిగేసరికి అవ్వ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతలో ఆ తోడికోడలి కళ్లు అవ్వ ఒడిలోని మూట మీద పడ్డాయి. అవ్వ అన్నదమ్ములు ఎప్పుడో పోయారు, పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు లేదు, మరి ఈ ఒడిబియ్యం ఎవరు పోసినట్టు? అవ్వ అబద్ధం ఆడలేదు. కోడలు పోసిందని చెప్పింది. వాకిట్లో నవ్వులు మొదలయ్యాయి. బొంబాయి ఆచారం గిట్ల ఉంటదా అని ఒకామె, అత్తను పుట్టింటికి పంపినట్టుందే అని ఇంకొకామె. అవ్వ ముఖం చిన్నబోయింది. నాకు వాళ్లందరి మీదా కోపం వచ్చింది, మా అమ్మ మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. అప్పుడు తాత గుమ్మంలోంచి అన్నాడు.

"నవ్వెందుకు? కోడలు తల్లయి పోసింది. ఆడ ఒక పుట్టిల్లయింది ఈమెకు. రేపు వండుతది, అందరొచ్చి తినుండ్రి."

మర్నాడు ఆ బియ్యం వండి వాడకట్టుకంతా పెట్టారు. అందరూ తిన్నారు, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కానీ అవ్వ కుదుటపడలేదు. తెల్లవారకముందే లేచి, నల్లా వచ్చే వేళయిందని బిందె పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, అక్కడ నల్లా లేదని గుర్తొచ్చి తిరిగి వచ్చేది. ఆరేళ్లలో ఊళ్లో పుట్టిన పిల్లలు ఎవరి పిల్లలో తెలియక ఎవరిని ఏమని పిలవాలో తడబడేది. తన వంటింట్లో ఉప్పు ఎక్కడుందో తాతను అడిగేది. తాత తీసి ఇచ్చేవాడు. తమ్ముడి సంగతి రోజుకు నాలుగుసార్లు నన్ను అడిగేది, వాడికి అప్పటికి నెలైనా నిండలేదు, వాడి గురించి నేను మాత్రం ఏం చెప్పను? అయినా మేము వెళ్లే రోజు దాకా ఆమె ఉండిపోతుందనే అందరమూ అనుకున్నాం. ఆమె కూడా అనుకుందనే నా నమ్మకం.

ఆ రోజు మాకు జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టి ఇచ్చి, తాతతో కలిసి బస్సు దగ్గరకు వచ్చింది. బస్సు ఆగింది. నాయన సామాను ఎక్కించి, రమ్మని నన్ను పిలిచాడు. అవ్వ నా చేయి పట్టుకుని ఉంది. వదలలేదు. ఏడవలేదు, వేళ్లు మాత్రం విప్పుకోలేదు. బస్సులోని వాళ్లంతా చూస్తున్నారు. కండక్టరు విసుక్కున్నాడు. ఉంటావా వస్తావా అని నాయన తల్లిని అడగలేడు, పంపుతావా అని తండ్రినీ అడగలేడు. తాత మా చేతుల వైపు చూసి, కండక్టరును ఆగమని, అవ్వతో అన్నాడు.

"పుట్టింటి బియ్యం తిన్నం గద. ఒకపారి పుట్టింటికి పోయి రావాలె. పో. పోయి రా."

మారు చీర అయినా లేకుండా అవ్వ బస్సెక్కింది. దసరాకు వస్తానని కిటికీలోంచి చెప్పింది. తాత తల ఊపాడు. బస్సు కదిలాక, అటుగా వస్తున్న ఎవరితోనో ఆయన గట్టిగా చెప్పడం వినిపించింది, పుట్టింటికి పోతున్నది, వస్తది అని.

మాట ప్రకారం అవ్వ దసరాకు వెళ్లింది, నెల రోజులుండి వచ్చింది. తర్వాత కూడా వెళ్లింది, వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ మా అమ్మ పీట వేసి ఒడి నింపేది, ఇప్పుడది తప్పని అనేవాళ్లు ఎవరూ లేరు. మూడో ఏడు వానాకాలంలో తాత పోయాడని టెలిగ్రాము వచ్చినప్పుడు అవ్వ కామాటిపురాలోనే ఉంది. రాయచూరు దాటాక వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. అవ్వ, నాయన వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. ముత్తైదువ కాదు కనుక ఆ తర్వాత ఆమె ఒడి ఎవరూ నింపలేదు. ఆమె కూడా ఆ గది విడిచి ఎక్కడికీ వెళ్లలేదు.

తాత ఆమెను ప్రేమతో పంపాడా, ఇక లాభం లేదని పంపాడా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు. పరువు కోసం పంపాడని నాయన అనేవాడు. అంత మనసున్న మగవాణ్ణి తాను చూడలేదని అమ్మ అనేది. ఒకసారి ధైర్యం చేసి అవ్వనే అడిగితే, కండక్టరు తొందరపెట్టిండు బిడ్డా అని మాట దాటేసింది. ఇప్పుడు మా గల్లీలో సగం గదులకు తాళాలు, పాతవి పడగొట్టి పెద్ద భవనాలు కడతారని అంటున్నారు. మా పిల్లలు తమలో తాము మరాఠీలో మాట్లాడుకుంటారు, ఎవరు ఎవరి దగ్గర ఉండాలో ఫోనులో రెండు నిమిషాల్లో తేల్చేసుకుంటారు, ఎవరికీ ఏ అనుమానమూ మిగలదు. వాళ్లను చూస్తే ఒక్కోసారి ముచ్చటేస్తుంది, ఒక్కోసారి భయమేస్తుంది.

ఆ రోజు బస్సు దగ్గర అవ్వ నా చేయి వదలలేదని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఇక్కడా అదే రాశాను. నిజానికి ముందుగా గట్టిగా పట్టుకున్నది నేను.