‘పెద్దమ్మా’ అని పిలిచిన కూతురు

1986. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఓ లాయరు ఆఫీసులో నేను పారాలీగల్‌ని, అంటే లాయరు చూడవలసిన కాగితాలన్నీ సిద్ధం చేసే మనిషిని. మా దగ్గర ఎక్కువగా విల్లుల పనే. విల్లు మాటెత్తితే చాలు, మనవాళ్లు నేనేదో చావు కబురు తెచ్చినట్టు చూసేవారు. శుభమా అని ఇల్లు కొనుక్కుంటే ఇప్పుడా మాటలెందుకండీ అనేవారు.

సుగుణమ్మగారు అలా కాదు. గుంటూరు వైపు మనిషి, హాస్పిటల్లో నర్సు, భర్త లేరు. గుండె ఆపరేషన్ ఉందని తనంతట తానే వచ్చారు. ఇద్దరు పిల్లలు, ఇల్లు ఇద్దరికీ సమానం, అంతే అన్నారు. అమెరికన్ అయిన మా లాయరు ‘నా పిల్లలకు సమానంగా’ అని రాసేశాడు.

సంతకాల రోజు సాక్షులు వచ్చి కూర్చున్నారు. ఆవిడ పెన్ను తీసుకోబోతుంటే కాలేజీలో చేరబోతున్న కూతురు మెర్సీ లోపలికొచ్చింది.

“పెద్దమ్మా, గ్లాసెస్ కార్‌లో వదిలేశావ్” అని కళ్ళజోడు చేతికిచ్చింది.

లాయరుకు అదేం అర్థమవుతుంది? నాకు మాత్రం ఆ పిలుపు దగ్గరే అనుమానం వచ్చింది. కన్నతల్లిని ఎవరైనా పెద్దమ్మా అంటారా? సంతకం ఆపించి అడిగాను. మెర్సీ ఆవిడ చెల్లెలి బిడ్డట. చెల్లెలు పోతే పసిదాన్ని తెచ్చి పెంచుకున్నారు. దత్తత కాగితాలున్నాయా అంటే, సొంత చెల్లెలి బిడ్డకు దత్తతేమిటని నన్నే ఎదురడిగారు.

చట్టం లెక్కలో ఆవిడకు కొడుకొక్కడే సంతానం. ఆ విల్లు మీద సంతకం పడి, ఆపరేషన్‌లో జరగరానిది జరిగితే మెర్సీకి ఆ ఇంట్లో వాటా దక్కదు. లాయరు తేలిగ్గా తీసుకున్నాడు. పేరు రాసి పక్కన ‘నీస్’ అని పెడితే చాలన్నాడు. నిజమే, చెల్లుతుంది. సుగుణమ్మగారు మాత్రం పెన్ను పక్కన పెట్టేశారు.

“మా తమ్ముడి కూతుర్నీ నీసే అంటారుగా? ఆ పిల్ల నాకు మేనకోడలు. ఇది నా కూతురు. రెండూ ఒకటెట్టా అవుతయ్యమ్మా? ఆ మాట రాస్తే నేను సంతకం చెయ్యను. ఆయనకు చెప్పు.”

మన వరసలు ఆయనకు బోధపరిచేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి దారి చూపింది ఆయనే. విల్లులో ఒక మాటకు మనకు కావలసిన అర్థం మనమే రాసుకోవచ్చు. దాన్ని డెఫినిషన్ క్లాజ్ అంటారు. ‘ఈ విల్లులో నా పిల్లలు అంటే’ అని కొడుకు పేరూ మెర్సీ పేరూ చేర్చి, మళ్లీ టైపు చేసి, చదివి వినిపించాను.

“అయితే లా కూడా ఒప్పుకుందా, పెద్దమ్మా?” అంది మెర్సీ.

“ఒప్పుకోక ఏం చేస్తది, మనం రాయించాక” అంటూ సంతకం చేశారావిడ. నాకు ఏడుపొచ్చింది. సాక్షుల ముందు బాగుండదని ఫైలులోకి చూస్తూ ఉండిపోయాను.

ఆపరేషన్ తర్వాత ఆవిడ ఇంటికి రాలేదు. విల్లులు సరిచూసే ప్రొబేట్ కోర్టు ఏ అభ్యంతరమూ లేకుండా ఇల్లు ఇద్దరి పేరా పెట్టింది.

అప్పట్నుంచి మనవాళ్ళెవరొచ్చినా పిల్లలెంతమంది అని అడిగి ఊరుకోను. ఎవరు కన్నారో కూడా అడుగుతాను. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. నేను అడగకపోతే రేపు కోర్టు అడుగుతుంది. అప్పటికి జవాబు చెప్పడానికి పెంచిన తల్లి ఉండదు.