జొన్నచేలో నా గొంతు

మా జొన్నచేలోని సోలారు అలారం నా గొంతుతో అరుస్తుంది. కారంపూడిలో కొన్నప్పుడు అందులో కుక్క అరుపులు, టపాకాయల మోత ఉండేవి. పిట్టలు కొన్నాళ్ళు బెదిరి, తరవాత దాని మీదే వాలడం మొదలుపెట్టాయి. మా ఆయన ఫోను నా నోటి దగ్గర పెట్టి, "నువ్వే అరిచి పెట్టు. నీ గొంతుకి నేనే బెదురుతా, పిట్టలెంత?" అన్నాడు. రోజూ మంచె మీద అరిచినట్టే, "హోయ్, పో, పో" అని గొంతెత్తి అరిచాను. అది రికార్డు చేసి అందులో ఎక్కించాడు.

కొనమని పోరు పెట్టింది నేనే. పెళ్ళయ్యాక ఒక్క క్రిస్మస్‌కి కూడా గురజాలలో అమ్మ దగ్గరికి వెళ్ళలేదు. జొన్న కంకులు పాలు పోసుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆయన పత్తి తీయించే పనిలో ఉంటాడు, పిట్టల కాపలా నాకు మిగులుతుంది. పెళ్ళికి ముందు మా చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. అమ్మకి అది ఎంతో గొప్ప. ఈసారి తప్పకుండా వస్తాను, నీ పక్కన నిలబడి పాడతాను అని మాటిచ్చాను. అమ్మ వీధంతా చెప్పుకుంది.

పండగ దగ్గర పడేసరికి ముసురు పట్టింది. పొద్దున మంచు, పగలంతా మబ్బు. సోలారు ప్లేటు మీద మంచుకి దుమ్ము బురదలా అంటుకుంటే చీర కొంగుతో తుడిచేదాన్ని. ఎంత తుడిచినా ఎండ రాదు కదా. అలారం కాసేపు గురగురలాడి ఆగిపోయేది. ఇంట్లో కరెంటుకి పెడదామంటే దానికి ఆ ఏర్పాటే లేదు. ఎండ లేకపోతే అరవనని మొరాయించడం దానికి చెల్లింది, నాకు చెల్లలేదు. మళ్ళీ మంచె ఎక్కాను. ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క పూట పోయొస్తా" అన్నాను.

"పోతే పో. సాయంత్రానికి కంకుల్లో పొట్టే మిగులుద్ది" అన్నాడాయన. అబద్ధమేమీ కాదు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

పండగ నాటికి అరిచి అరిచి నా గొంతు పూర్తిగా పోయింది. ప్రార్థన అయ్యాక అమ్మ ఫోన్ చేసింది.

"ఏందమ్మా, రాలేదే? అందరూ నిన్నే అడగతన్నారు."

రాలేనని చెప్పబోతే గాలి తప్ప మాట రాలేదు. "ఏందే, మాట్టాడవేం?" అంటోంది అమ్మ. సరిగ్గా అప్పుడే మబ్బు విడి ఎండ కాసింది. అలారం ఒక్కసారిగా అందుకుంది. "హోయ్, పో, పో."

అమ్మ మెల్లగా అంది. "గొంతు బాగానే లేస్తందిగా. నాతో మాట్టాడటానికే రాదా? సరేలే, పోతా."

ఫోన్ పెట్టేసింది. అలారం ఆపుదామని మంచె దిగాను. చేలో పిట్టలన్నీ గుంపుగా లేచిపోతున్నాయి. చెయ్యి రాలేదు. దాని పక్కనే నిలబడి, అది అరుస్తుంటే వింటూ ఏడ్చాను.

కాసేపటికి మళ్ళీ మబ్బు కమ్మి అది ఆగిపోయింది. అప్పుడు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు.