కుడి స్పీకర్‌లో గరగర

గౌలిపురలో నా రిపేరు దుకాణానికి ఒకాయన రెండు స్పీకర్ల ఆంప్లిఫయర్ తెచ్చాడు. కుడివైపు పాట గరగరలాడుతోందన్నాడు. అటువైపు మాడిపోయిన ట్రాన్సిస్టర్లు రెండూ మార్చాను. అయినా గరగర పోలేదు. స్పీకర్లు అటూ ఇటూ మార్చి పెట్టినా కుడివైపే వినిపించింది.

"ఇప్పుడు సాఫ్ వస్తుంది గదన్నా, ఇంకేంది ఫికర్?" అన్నాడాయన.

"నీకు చెవులున్నయా, లేవా?" అని కసిరాను. నకిలీ ట్రాన్సిస్టర్లు అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ, ఇంకో జత కోసం వెనక్కి తిరిగి అల్మారాలో వెతికాను.

గరగర ఎడమ స్పీకర్‌లోకి మారింది. తీగల్ని ఎవరూ ముట్టుకోలేదు. తిరిగింది నేనొక్కణ్ణే.

మెల్లగా కుడిచెవిని అరచేత్తో మూసుకున్నాను. పాట నిజంగానే సాఫ్‌గా ఉంది.