లైనక్స్ పరువు కోసం

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఏళ్ల తరబడి మోస్తూనే ఉన్నాను, ఇక నా వల్ల కావడం లేదు. పేరు మాత్రం అడగకండి. మాచర్ల దగ్గర రాళ్లు కోసే యార్డులో డిజైనర్‌ని, అంతవరకు చాలు.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. అది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఆ యార్డుకు లైనక్స్ తెచ్చింది నేను. కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేరు అది, పైసా కట్టక్కర్లేదు. అంతకుముందు అన్నీ దొంగ కాపీల సాఫ్ట్‌వేర్లు, రోజూ వైరస్సే. ఉన్న పాత కంప్యూటర్‌లోనే లైనక్స్ ఎక్కించి సమాధి రాళ్లు, గుమ్మాల పువ్వులు, కిటికీ జాలీలు అన్నీ దాని మీదే గీసి, రాయి కోసే మిషన్‌కు పంపాను. ఇదేం పిచ్చని చుట్టుపక్కల షాపులవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లే తరువాత వచ్చి, మా సిస్టంలోనూ ఎక్కించమ్మా అని బతిమాలారు. నా పనికి వంక పెట్టగల మొనగాడు పల్నాడులో లేడని ఇప్పటికీ అంటాను.

ఓనరు మాత్రం మొదటిరోజే తేల్చేశాడు. ఒక్క రాయి తేడా వచ్చినా నీ లైనక్స్ పీకేసి పాతదే పెడతానన్నాడు.

ఆ ఒక్క రాయీ వచ్చింది. యార్డులో కొలతలు తీసే బాబాయ్ ఉన్నాడు. సొంత బాబాయ్ కాదు, అందరం అలాగే పిలుస్తాం. వాళ్ల ఊరి చర్చికి కిటికీ జాలీ కావాలి. ఆయనే ఫ్రేము కొలిచి ఫోన్లో చెప్పాడు, నేను అలాగే గీశాను. తరువాత బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ వేశాను. పాత వెర్షన్‌లో గీసిన ఆ జాలీ ఫైలు తెరవగానే, సైజు మార్చాలా, ఉన్నట్టే ఉంచాలా అని అడిగింది. చదివానా? లేదు. ఏదో ఒకటి నొక్కేసి మిషన్‌కు పంపాను.

జాలీ బిగించబోతే చుట్టూ వేలు దూరేంత సందు. ఓనరు ఫోన్ చేయగానే ఫైలు తెరిచి చూశాను. బొమ్మ మొత్తం చిన్నదైపోయి ఉంది. అంతా తెలిసే చర్చికి వెళ్లాను.

పాస్టరు, ఓనరు, ఊళ్లోవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. బాబాయ్ టేపు పట్టుకుని నిలబడ్డాడు.

“ఏందమ్మాయ్, నీ సిస్టంలో ఏమన్నా తేడా వచ్చిందా? నేను రెండుసార్లు కొలిచి చెప్పానే.”

“నా సిస్టంలో తేడా రాదు బాబాయ్. నువ్వు ఫోన్లో చెప్పిన కొలతే అది.”

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

“అయితే నేనే తప్పు చెప్పుంటాలే. వయసు మీద పడతా ఉంది.”

అలా అని పాస్టరు దగ్గరకు వెళ్లి, తన సంఘం అందరి ముందూ క్షమించమని అడిగాడు. మర్నాటి నుంచి ఓనరు ఆయన్ని కొలతలకు పంపలేదు. కోసిన పలకలు కడిగే పనికి పెట్టాడు.

లైనక్స్ పరువు కాపాడానని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? అది చేసిన తప్పేముంది, పాపం, అడగనైనా అడిగింది కదా? నేను కాపాడుకున్నది నా పేరు, నా గొప్ప, నవ్వినవాళ్ల ముందు తల దించకూడదన్న పొగరు. ఆ పొగరు ఇప్పటికైనా తగ్గిందా అంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, తగ్గలేదు.

మొన్న గురజాల నుంచి ఒకాయన వచ్చి, ఈ లైనక్స్‌ను నమ్మొచ్చా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పలకలు కడుగుతున్న బాబాయే జవాబిచ్చాడు. మా అమ్మాయి సిస్టం ఎన్నడూ తప్పలేదట. ఒక్కసారి తేడా వస్తే, అది కూడా తన వల్లేనట. వినగానే నాకు గర్వం పొంగుకొచ్చింది. సిగ్గు ఆ తరువాతే వచ్చింది.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో నాకే తెలియదు. మీకు చెప్పాను. ఆయన కొలత సరిగ్గానే ఉంది. రాయి పాడుచేసింది నేను.